గంటకి నీ రేటెంత?

పోయిన వారం ఓ పుట్టినరోజు పార్టీకి వెళ్ళాం. షరా మామూలే. ఆడవాళ్ళంతా లోపల, మగవాళ్ళంతా గరాజ్‌లో మడత కుర్చీల్లో. ఈమధ్యే ఊళ్ళోకి వచ్చిన ఓ కుర్రాడు, ముప్ఫై కూడా ఉండవు, బిర్యానీ ప్లేటు పట్టుకుని నిలబడ్డాడు. గోళ్ళ చివర్లు నల్లగా ఉన్నాయి. అదేంటని ఎవరో అడిగారు. "పొద్దున్న మా వ్యానుకి వెనక షాక్ అబ్జార్బర్లు మార్చానండీ" అన్నాడు, కాస్త సిగ్గుగానూ కాస్త గర్వంగానూ.

మాలో ఒక పెద్దమనిషి పకపకా నవ్వి, "గంటకి నీ రేటెంత బాబూ?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ కుర్రాడూ నవ్వాడు. నవ్వుతూనే ప్లేటు పక్కన పెట్టేసి రెండు చేతులూ జేబుల్లో దూర్చేసుకున్నాడు. పార్టీ అయ్యేదాకా మళ్ళీ బయటికి తియ్యలేదు.

నేనక్కడ ఏమీ అనలేదు. పైగా ఇదే ప్రశ్న పదేళ్ళ కిందట నన్నూ అడిగారు. అప్పుడూ నోరు మెదపలేదు. రెండుసార్లూ ఇంటికొచ్చాక నిద్రపట్టలేదు. అందుకే ఈ టపా.

ముందు ఆ లెక్క సంగతి తేల్చేద్దాం. మనవాళ్ళ సూత్రం ఇది. నీకు గంటకి డెబ్భై డాలర్లు వస్తాయి. ఐదు గంటలు కారు కింద పడుకున్నావు. అంటే 350 డాలర్లు తగలేశావు. మెకానిక్కు మూడొందలకే చేసేవాడు. కాబట్టి నువ్వు వెర్రివాడివి.

వినడానికి బానే ఉంది. కానీ అయ్యా, శనివారం పొద్దున్న పదింటికి మన టైముని డెబ్భై డాలర్లు పెట్టి కొంటున్నవాడెవడు? ఉంటే చెప్పండి, నేనూ టైంషీటు పంపిస్తా. వారానికి నలభై గంటల మీద ఒక్క గంట ఎక్కువ రాస్తే, ముందుగా అప్రూవల్ తీసుకున్నావా అని మెయిలొస్తుంది. ఆ రేటు మనది కాదు, క్లయింటు మన మీద అంటించిన చీటీ. క్లయింటు వద్దన్న మర్నాడు మన గంట ఖరీదు గుండుసున్నా. 2022-23లో లేఆఫులొచ్చినప్పుడు ఆ సున్నాని మనలో చాలామందిమి దగ్గర్నుంచే చూశాం.

పోనీ, సూత్రం నిజమే అనుకుందాం. మిగతావాటికి ఎందుకు వర్తించదు? వన్డే మ్యాచ్ మొత్తం చూస్తే 560 డాలర్లు. రోజుకో గంట వాట్సాప్‌లో ఆంధ్రా రాజకీయాలు తిట్టుకుంటే ఏడాదికి పాతిక వేల పైచిలుకు. గ్యాలనుకి పదిహేను సెంట్లు తక్కువని కాస్ట్‌కో గ్యాస్ దగ్గర ఇరవై నిమిషాలు లైన్లో నిలబడతాం. పదిహేను గ్యాలన్లు కొట్టిస్తే మిగిలేది రెండు డాలర్ల పాతిక సెంట్లు, తగలేసేది ఇరవైమూడు డాలర్ల 'టైము'. ఆ లైన్లో సగం మంది మనవాళ్ళే. ఒక్కడంటే ఒక్కడు పక్కవాణ్ణి గంటకి నీ రేటెంత అని అడగడు.

అంటే ఈ ప్రశ్న టైము గురించి కాదు. చేతికి మసి అంటడం గురించి.

ఇక నా కథ. మాది మిషిగన్. 2013-14 చలికాలం ఇక్కడున్నవాళ్ళెవరూ మర్చిపోరు. డెట్రాయిట్‌లో దాదాపు 95 అంగుళాల మంచు పడింది, రికార్డులు మొదలైనప్పట్నుంచీ అంత ఎప్పుడూ పడలేదు. మంచు కరిగేసరికి రోడ్లన్నీ గోతులు. మాకప్పుడు 2006 డాడ్జ్ గ్రాండ్ కారవాన్ ఉండేది, సెకండ్ హ్యాండుది, లక్షా పదివేల మైళ్ళు తిరిగింది. ఏప్రిల్ వచ్చేసరికి దాని వెనకభాగం పడవలా ఊగడం మొదలెట్టింది. గోతిలో పడి లేచాక ఒక్క ఊపు ఊగి ఆగాల్సింది, నాలుగు ఊపులు ఊగేది. ఆ వేసవికి వచ్చిన మా అమ్మ వెనక సీట్లో కూర్చుని, "దీనికన్నా మీ తాతయ్య ఎడ్లబండే నయం కదరా" అంది.

ఎస్టిమేటుకని ఓ షాపుకి తీసుకెళ్ళాను. అప్పటికి పదేళ్ళ మావాడు కూడా వచ్చాడు. తల నెరిసిన మెకానిక్కు వ్యానుని లిఫ్టు మీద పైకెత్తి, టార్చి వేసి చూస్తున్నాడు. మావాడు ఫోనులో ఆట ఆడుకుంటున్నాడు. నాకెందుకో ఒళ్ళు మండి, తెలుగులో అన్నాను: "సరిగ్గా చదువుకోకపోతే ఇదిగో, ఇలా కార్ల కింద బతకాలి."

ఈ మాట నాది కాదు. మా నాన్న స్కూటరు మీద విజయవాడ ఆటోనగర్ దాటేటప్పుడల్లా షెడ్లు చూపించి నాకు చెప్పినదే. మీ నాన్నగారూ మీకు చెప్పే ఉంటారు.

మావాడికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. అదీ గట్టిగా. "ఆయన మన కారు బాగుచేస్తున్నాడు కదా నాన్నా, అందులో తప్పేముంది?" అన్నాడు. మెకానిక్కు తల తిప్పి చూశాడు. "ఏం చెప్పారు మీవాడికి?" అని నవ్వుతూ అడిగాడు.

"మీరు చేసే పని శ్రద్ధగా చూడమన్నాను" అని అబద్ధమాడేశాను.

పాపం ఆయన నమ్మాడు. నమ్మడమే కాదు, సంబరపడ్డాడు. మావాణ్ణి దగ్గరికి పిలిచి, టార్చి వాడి చేతికిచ్చి, నూనె ఎక్కడ కారిందో, టైరు ఎక్కడ గుంటలు పడ్డట్టు అరిగిందో, పావుగంట సేపు ఓపిగ్గా చూపించాడు. ఎవరి బతుకు చూపించి నా కొడుకుని భయపెట్టానో, ఆయనే వాడికి పాఠం చెప్పాడు. నేను పక్కన దొంగలా నిలబడ్డాను.

వెనక రెంటికీ 410 డాలర్లు అన్నాడు. అని, తనే చెప్పాడు: "వెనకవి నువ్వే మార్చుకోవచ్చు, కష్టమేం కాదు. ముందువి మాత్రం ముట్టుకోకు. అక్కడ స్ప్రింగుని నొక్కి బిగించి ఉంచుతారు, జారిందంటే ప్రాణం తీస్తుంది." బేరం పోగొట్టుకునే మాట అది. అయినా చెప్పాడు.

ఇంతకీ ఈ షాక్ అబ్జార్బరు (మన ఊరి మెకానిక్కుల భాషలో షాకబ్జరు) చేసే పనేంటి? పేరులోనే అబద్ధం ఉంది. దెబ్బని మింగేది ఇది కాదు, స్ప్రింగు. ఆ వ్యానుకి వెనకవైపు మన లారీలకున్నట్టే కమాను ఉంటుంది. గోతిలో పడితే కమాను వంగి దెబ్బని దాచుకుంటుంది. దాచుకున్నది ఊరికే ఉంచుకోదు, తిరిగి తంతుంది. మళ్ళీ వంగుతుంది, మళ్ళీ తంతుంది. ఆ ఊపు ఆపేది షాకబ్జరు. బ్రిటిషు వాళ్ళు దీన్ని డాంపర్ అంటారు, అదే సరైన పేరు. గొట్టంలో నూనె, నూనెలో పిస్టను, పిస్టనుకి సన్నటి కంతలు, వాటి మీద వాల్వులు. బండి ఊగినప్పుడల్లా నూనె ఆ కంతల్లోంచి ఇరుక్కుని ఇరుక్కుని పోవాలి. ఆ పెనుగులాటలో ఊపంతా వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది. ఆఫీసు తలుపు దభీమని మూసుకోకుండా పైన బిగించే డోర్ క్లోజర్‌లో కూడా ఇదే కథ.

సీలు పోయి నూనె కారిపోయిందనుకోండి, ఇక ఊపుని ఆపేవాడు లేడు. చక్రం రోడ్డు మీద గంతులేస్తుంది. రోడ్డుని వదిలేసిన చక్రానికి బ్రేకు వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే. కాబట్టి ఇది నడుంనొప్పి వ్యవహారం కాదు, వాన పడుతున్నప్పుడు ముందున్న కారుని గుద్దకుండా ఆగే వ్యవహారం.

ఇందులో నాకు కొత్తగా తెలిసిందేమీ లేదండోయ్, అదే విడ్డూరం. నేను చదివింది బీటెక్ మెకానికల్. డాంప్‌డ్ వైబ్రేషన్స్ మీద పదహారు మార్కుల ప్రశ్నకి సమీకరణంతో సహా మూడు గ్రాఫులు కళ్ళుమూసుకుని గీశాను. అందరితో పాటు సాఫ్ట్‌వేర్లోకి దూకి, తిరిగి తిరిగి డెట్రాయిట్‌లో ఒక కార్ల కంపెనీ విడిభాగాల కేటలాగు మీద పనిచేశాను. అందులో షాక్ అబ్జార్బరంటే ఒక వరస. పార్టు నంబరు, వర్ణన, ధర. అలాంటి వరసలు వేలకి వేలు అటూ ఇటూ తోశాను. వస్తువుని చేత్తో పట్టుకున్నది మాత్రం 2014లో, నలభయ్యో ఏట.

మొదటి సంవత్సరంలో వర్క్‌షాప్ అని ఒక ల్యాబు ఉండేది, గుర్తుందా? ఇనపముక్కని ఆకురాయితో రుద్ది రెండు ముక్కలు ఒకదాంట్లో ఒకటి అతికేలా చెయ్యాలి. మేం చేశామా? యాభై రూపాయలిస్తే అటెండరు చేసిపెట్టేవాడు. మేం రికార్డు రాసేవాళ్ళం. పని ఆయనది, మార్కులు మావి. ఆయన పేరేంటో ఇప్పుడు కాదు, అప్పుడూ నాకు తెలియదు. అటెండరు అనే పిలిచేవాళ్ళం.

సరే, మార్చిన రోజు సంగతి. ముందురోజు రాత్రే బోల్టుల మీద తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాను. డెట్రాయిట్ ఊరి కిందే వెయ్యి అడుగులకి పైగా లోతున ఉప్పు గని ఉంది. చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అదంతా కార్ల పొట్టలకి పట్టి ఇనుముని తింటుంది. పొద్దున్నే ముందు చక్రాలకి అటూ ఇటూ దిమ్మలు పెట్టాను. వెనక భాగం లేపుతున్నప్పుడు పార్కింగ్ బ్రేకుని నమ్ముకోకూడదు, అది పట్టేది గాల్లోకి లేచే ఆ వెనక చక్రాల్నే. జాకీతో లేపి, రెండువైపులా బాడీ కింద జాక్ స్టాండ్లు పెట్టి వాటి మీదకి దించి, బండిని గట్టిగా తోసి చూశాక కిందకి దూరాను. షాకబ్జరు ఊడదీసేముందు ఇరుసు కింద జాకీ ఆనించాలి. లేకపోతే ఇరుసు కిందకి జారి బ్రేకు గొట్టాల్ని లాగేస్తుంది.

కుడివైపుది గంటలో అయింది. ఎడమవైపు పై బోల్టు ఒక్కటే మూడు గంటలు తింది. పానా వేసి బలమంతా పెట్టినా కదల్లేదు. పానాకి పైపు తొడిగి లాగితే బోల్టు తల అరగడం మొదలెట్టింది. విడిభాగాల దుకాణానికి పరిగెత్తి, డిపాజిట్ కట్టి, అరిగిన తలల్ని పట్టే సాకెట్టు అరువు తెచ్చాను. ఇక్కడ చాలా దుకాణాల్లో పనిముట్లు ఇలా ఇస్తారు, తిరిగిచ్చేస్తే డబ్బు వెనక్కిస్తారు. సరిగ్గా నేను కారు కింద, కాళ్ళు బయట పెట్టి, బోల్టుని బూతులు తిడుతున్నప్పుడే మా సందులోని ఇంకో తెలుగాయన వాకింగుకి వచ్చాడు. "ఏంటి గురూ, ప్రాజెక్టు అయిపోయిందా?" అని మొదటి జోకు. రెండోది మీకు తెలిసిందే. గంటకి నీ రేటెంత?

చివరికి ఆ బోల్టు టక్కుమని కదిలింది. పాత షాకబ్జరుని మావాడు నిలబెట్టి నొక్కితే ఒంటిచేత్తో దిగిపోయింది, మళ్ళీ లేవలేదు. కొత్తదాన్ని వాడు ఒళ్ళంతా వేసి నొక్కినా మెల్లగా, మొండిగా దిగింది. వదలగానే తనే లేచింది. "ఓహ్" అన్నాడు వాడు. నా పదహారు మార్కుల జవాబు మొత్తం ఆ ఒక్క ఓహ్‌లో ఉంది.

ఇంకొకటి. రబ్బరు బుష్షుల్లోంచి పోయే బోల్టుల్ని, బండి బరువు చక్రాల మీద పడ్డాకే పూర్తిగా బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే కిందకి దించినప్పుడు రబ్బరు మెలితిరిగి తొందరగా చిరుగుతుంది. ఇది నేను ఏళ్ళ తరబడి తోసిన కేటలాగులో ఏ కాలమ్‌లోనూ లేదు. షాపులో ఆ తల నెరిసినాయన బుర్రలో ఉంది, పోతూ పోతూ చెప్పి పంపించాడు.

లెక్క కూడా దాచను. పార్టులకి 84 డాలర్లు. జాక్ స్టాండ్లకీ, పొడుగు పానాకీ, టార్క్ రెంచికీ 130. మిగిలింది 196. పట్టిన టైము ఆరు గంటలు. అంటే గంటకి 33 డాలర్లు కూడా పడలేదు. పెద్దమనిషిగారి లెక్కలో నేను ఓడిపోయాను, ఒప్పుకుంటున్నా. పనిముట్లు ఇప్పటికీ గరాజ్‌లో ఉన్నాయి కాబట్టి తర్వాతి పనులకి లెక్క మారింది, అది వేరే సంగతి. డబ్బు కోసమే చెయ్యమని నేను ఎవరికీ చెప్పను.

నా గొడవల్లా ఆ నవ్వుతో. పని తెలియకపోవడం తప్పు కాదు, టైము లేకపోవడమూ తప్పు కాదు. పని తెలిసినవాడంటే చులకన, అదీ జబ్బు. ఈ జబ్బు అమెరికాలో అంటుకున్నది కాదు, సూట్‌కేసులో ఆవకాయ పక్కన పెట్టి మనం తెచ్చుకున్నది. చెప్పులు కుట్టేవాడు, కుండలు చేసేవాడు, కర్రు కాల్చేవాడు, వీళ్ళ చేతుల మీద ఊరంతా బతికింది, వీళ్ళనే గుమ్మం బయట నిలబెట్టింది. పని చెప్పే నోరు పైన, పని చేసే చెయ్యి కింద. ఇక్కడికొచ్చాక కులం పేరెత్తడం బాగుండదని దానికి 'ఆపర్చునిటీ కాస్ట్' అని ఇంగ్లీషు పేరు పెట్టుకున్నాం. అంతే తేడా.

మనం అంటే అందరమూ కాదు. ఆ గుమ్మం బయట నిలబడ్డ ఇళ్ళ నుంచీ ఇక్కడికి వచ్చినవాళ్ళున్నారు. నాతో పనిచేసిన ఒకాయన, వాళ్ళ నాన్నగారు ఊళ్ళో కొలిమి నడిపేవారు. "నేను సుత్తి పట్టుకుంటే మీవాళ్ళు నవ్వరు, గుర్తుపడతారు. అందుకే ఇంట్లో సుత్తి కూడా కొనలేదు" అన్నాడొకసారి. మన జోకు ఖరీదు అదీ. తండ్రి దగ్గర నేర్చుకున్న విద్యని ఓ మనిషి దాచుకుని తిరగాల్సి రావడం.

దసరాకి ఏ గుడి పార్కింగ్ లాటులోనైనా చూడండి. కార్లకి పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు, హారతి. ఆయుధపూజ. పనిముట్టుకి దణ్ణం పెట్టే పండగ అది. మనం బొట్టు పెట్టి, ఫొటో తీసి, ఏడాది పొడుగునా బానెట్ ఎత్తం. ఎత్తినవాణ్ణి చూసి నవ్వుతాం. దణ్ణం ఇనుముకా, ఇనుముని తిప్పే చేతికా?

ఇక సణుగుళ్ళు. మెకానిక్కుల పొట్టకొడుతున్నావు కదా అంటారు. మా వ్యాను ముందువైపు పని ఆ ఏడే ఆయనకే ఇచ్చాను, బేరమాడకుండా. తుప్పు బోల్టుతో మూడు గంటలు కుస్తీ పట్టినవాడికి లేబర్ చార్జి చూస్తే గుండె మండదు. బిల్లు చూసి 'వీడికింతా' అనేవాళ్ళెవరూ పానా పట్టి ఎరగరు, గమనించండి.

వారంటీ పోతుందంటారు. ఇక్కడ 1975లోనే మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం వచ్చింది. నువ్వే చేసుకున్నావనో, వేరే కంపెనీ పార్టు వాడావనో, కేవలం ఆ కారణంతో వారంటీ రద్దు చెయ్యడానికి వీల్లేదు. మసాచుసెట్స్ జనం తమ కార్లని తాము కోరినచోట బాగుచేయించుకునే హక్కు కోసం 2012లో ఒకసారి, 2020లో ఇంకోసారి ఓటేసి మరీ గెలిచారు. ఇక్కడివాళ్ళు ఓట్లేసి కాపాడుకున్నదాన్ని వాడుకుంటే మనకి పరువు తక్కువ.

ప్రమాదం కదా అంటారు. ఈ ఒక్కటే నిజమైన అభ్యంతరం. అవును, ప్రమాదమే. అందుకే నేను ముందు స్ప్రింగులు ముట్టలేదు. ఎక్కడిదాకా చెయ్యొచ్చో, ఎక్కడ ఆగాలో తెలుసుకోవడం కూడా పనితనంలో భాగమే. నాకది చెప్పింది ఎంబీయే చదివినవాడు కాదు.

మావాడిప్పుడు కాలేజీలో ఉన్నాడు. చదివేది ఎకనామిక్సు, మెకానిక్కేం అవలేదు, భయపడకండి. కానీ వాడి కారు బ్రేకు ప్యాడ్లు వాడే మార్చుకుంటాడు. వాడికి ఆ రోజు షాపులో నేనాడిన అబద్ధం సంగతి పోయినేడు చెప్పాను. "తెలుసు నాన్నా, నేనక్కడే ఉన్నాగా" అన్నాడు.

ఆ పార్టీలో కుర్రాడు ఇది చదువుతాడో లేదో తెలియదు. చదివితే, బాబూ, ఆ రోజు నీ పక్కన నిలబడి నేనూ నోరు మూసుకున్నాను. తప్పు నాది. ఈసారి ఎవరైనా రేటెంత అని అడిగితే చేతులు జేబుల్లో పెట్టుకోకు. మా ఇంటికి రా, రెండో జత జాక్ స్టాండ్లు కూడా ఉన్నాయి.

తా.క. 1: ఎవరికైనా ఉత్సాహం వస్తే ముందు జాక్ స్టాండ్లు కొనండి, తర్వాతే పానాలు. ఒట్టి జాకీ మీద నిలబడ్డ కారు కిందకి ఒక్క నిమిషం కూడా దూరకండి. షాకబ్జర్లు ఎప్పుడూ జతగా మార్చండి. పాతవాటిని కొయ్యడం, కాల్చడం చెయ్యకండి, లోపల గ్యాసు ఒత్తిడి ఉంటుంది. అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల కారు పనులు చేసుకోనివ్వరు, ముందే కనుక్కోండి.

తా.క. 2: ఏమీ చెయ్యడం ఇష్టం లేదా? సంతోషం. కనీసం నవ్వకండి.